స్క్రీన్‌షాట్ పనికొచ్చేలా తీయడం ఎలా: బటన్లు, వేళ్లు, పొడవాటి పేజీలు, యూపీఐ రసీదులు

విజయవాడ బీసెంట్ రోడ్డులో ఏదో కొన్నారు. యూపీఐలో డబ్బు కట్టారు. మీ ఖాతాలో తగ్గింది, కొట్టాయనకి మాత్రం అందలేదు. ఫిర్యాదు చేద్దామంటే అవతలివాళ్లు ముందు అడిగేది "స్క్రీన్‌షాట్ ఉందా అండీ?" అనే. తీశారు, ఉంది. తీరా తెరిచి చూస్తే అందులో పచ్చటి టిక్ మార్కు ఉంది, కట్టిన మొత్తం ఉంది, బ్యాంకుకి అసలు కావాల్సిన 12 అంకెల నంబరు మాత్రం లేదు. ఇలా సగంలో మిగిలిపోయే స్క్రీన్‌షాట్లే ఎక్కువ. అందుకే ఏ ఫోనులో ఎన్ని రకాలుగా తీయొచ్చో చెబుతూనే, తీసింది రేపు అక్కరకు రావాలంటే ఏమేం చూసుకోవాలో కూడా ఇక్కడ రాస్తున్నాం.

రెండు బటన్ల పద్ధతి

ఆండ్రాయిడ్ 4.0 వచ్చింది 2011లో. అప్పటినుంచి దాదాపు అన్ని ఆండ్రాయిడ్ ఫోన్లకీ ఒకటే లెక్క: పవర్ బటన్, సౌండ్ తగ్గించే బటన్, రెండూ ఒకేసారి నొక్కి వెంటనే వదిలేయాలి. తెర ఒకసారి మిణుక్కుమంటుంది, కింద మూలన చిన్న బొమ్మ కనిపిస్తుంది. అంతే, గ్యాలరీలో చేరిపోయినట్టే.

ఇంత తేలిక పని చాలామందికి ఎందుకు కుదరదంటే, రెండు బటన్లూ సరిగ్గా ఒకే క్షణంలో పడవు. పవర్ బటన్ ముందు పడితే తెర ఆరిపోతుంది. సౌండ్ బటన్ ముందు పడితే శబ్దం తగ్గిపోయి, ఆ సౌండ్ పట్టీ కూడా మీ స్క్రీన్‌షాట్‌లో పడుతుంది. ఎక్కువసేపు అదిమి ఉంచితే కొన్ని ఫోన్లలో స్విచాఫ్ మెనూ వస్తుంది. శామ్‌సంగ్ ఫోన్లలోనైతే ఈ రెండు బటన్లనీ అలాగే పట్టుకుని ఉంటే కొన్ని సెకన్లకి ఫోను రీస్టార్ట్ అవుతుంది. కాబట్టి బలంగా నొక్కాల్సిన పని లేదు, చిటికె వేసినంత సేపు చాలు. రెండు బటన్లూ ఒకే పక్కన ఉన్న ఫోనైతే ఒకే బొటనవేలిని రెండింటి మధ్యా అడ్డంగా ఆనించి నొక్కండి, రెండూ కలిసి పడతాయి. మందంగా ఉన్న పౌచ్ వేసుకుంటే బటను లోపలిదాకా నొక్కుకోదు. పదిసార్లు ప్రయత్నించినా రాకపోతే ఫోను పాడైందనుకునే ముందు పౌచ్ తీసి ఒకసారి చూడండి.

తెరకి కింద హోమ్ బటన్ ఉన్న పాత శామ్‌సంగ్ ఫోన్లలో మాత్రం హోమ్, పవర్ కలిపి నొక్కాలి.

ఐఫోన్ సంగతి కాస్త వేరు. ఫేస్ ఐడీ ఉన్న ఐఫోన్లలో, అంటే 2017లో వచ్చిన ఐఫోన్ టెన్ నుంచి, కుడిపక్క బటన్, ఎడమపక్క సౌండ్ పెంచే బటన్ కలిపి నొక్కాలి. ఆండ్రాయిడ్‌లో తగ్గించేది, ఐఫోన్‌లో పెంచేది. ఒకదాన్నుంచి ఇంకోదానికి మారినవాళ్లు తడబడేది ఇక్కడే. హోమ్ బటన్ ఉన్న ఐఫోన్‌లో హోమ్, పవర్ కలిపి నొక్కితే చాలు. ఐఫోన్‌లో పక్క బటన్‌నీ సౌండ్ బటన్‌నీ అలాగే అదిమి పట్టుకుంటే ఎమర్జెన్సీ కాల్ తెర వస్తుంది. ఇంకా వదలకపోతే అంకెలు లెక్కపెట్టి అత్యవసర నంబరుకి కాల్ కలిపేస్తుంది. నొక్కిన వెంటనే వదిలేయడం ఐఫోన్‌లో ఇంకా ముఖ్యం.

మూడు వేళ్లు, అరచెయ్యి

రోజూ స్క్రీన్‌షాట్లు తీసేవాళ్లకి బటన్ల కన్నా ఇదే మేలు. పవర్ బటన్ మాటిమాటికీ నొక్కితే అరిగేది అదే, అది పోతే ఫోను ఆన్ చేయడమే ఇబ్బంది.

రెడ్‌మీ, పోకో ఫోన్లలో సెట్టింగ్స్ తెరిచి అడిషనల్ సెట్టింగ్స్, అందులో జెస్చర్ షార్ట్‌కట్స్, అందులో టేక్ ఎ స్క్రీన్‌షాట్ దగ్గర మూడు వేళ్లు కిందకి జరిపే పద్ధతి ఆన్ చేయండి. రియల్‌మీ, ఒప్పో, వన్‌ప్లస్‌లలో కూడా మూడు వేళ్లు పైనుంచి కిందకి జరపడమే. వివోలో దీని పేరు ఎస్-క్యాప్చర్, కొన్ని మోడళ్లలో వేళ్లు కిందకి, కొన్నింటిలో పైకి జరపాలి. మోటోరోలాలో జరపనక్కర్లేదు, మూడు వేళ్లూ తెరమీద ఆనించి ఉంచాలి. శామ్‌సంగ్‌లో మూడు వేళ్ల బదులు అరచెయ్యి: సెట్టింగ్స్, అడ్వాన్స్‌డ్ ఫీచర్స్, మోషన్స్ అండ్ జెస్చర్స్, పామ్ స్వైప్ టు క్యాప్చర్. అరచేతిని నిలువుగా, చిటికెనవేలి వైపు అంచు తెరకి తగిలేలా పెట్టి, ఒక పక్కనుంచి ఇంకో పక్కకి నిదానంగా తుడిచినట్టు జరపాలి. మోడల్‌ను బట్టి ఈ సదుపాయం ఉండకపోవచ్చు.

మెనూల పేర్లు ఒక్కో అప్‌డేట్‌కి మారిపోతుంటాయి. చెప్పిన చోట కనిపించకపోతే వెతుకుతూ కూర్చోకండి. సెట్టింగ్స్ పైన ఉండే వెతుకుడు పెట్టెలో ఇంగ్లీషులో స్క్రీన్‌షాట్ అని టైప్ చేస్తే, మీ ఫోనులో దానికి సంబంధించినవన్నీ వరసగా వచ్చేస్తాయి. ఏ కంపెనీ ఫోనుకైనా పనిచేసే దారి ఇది.

వేళ్ల పద్ధతి పట్టకపోవడానికి మామూలు కారణాలు రెండు. మొదటిది వేళ్ల మధ్య దూరం. మూడూ అతుక్కుపోయి ఉంటే ఫోను వాటిని ఒకటో రెండో అనుకుంటుంది. కాస్త ఎడం పెట్టి, తెర నడుమ నుంచి జరపండి. మరీ పైఅంచు నుంచి మొదలుపెడితే నోటిఫికేషన్ల పరదా దిగిపోతుంది. రెండోది చెమట. మే నెలలో బెజవాడ ఎండకి బస్టాండులో నిలబడి తీయబోతే వేళ్ల తడికి తెర తికమకపడుతుంది, ఎందుకంటే తెర గుర్తుపట్టేది వేలిలోని విద్యుత్ స్పర్శని, తడి దాన్ని చుట్టూ పాకిస్తుంది. చొక్కా అంచుతో తెరా వేళ్లూ తుడుచుకుని చూడండి. గుంటూరు మిర్చి యార్డులో బస్తాల మధ్య పనిచేసేవాళ్లకి వేళ్లకి దుమ్ము అంటుకుని ఇదే ఇబ్బంది వస్తుంది, అక్కడ బటన్ల పద్ధతే నయం.

బటను పోతే, ఒక్క చెయ్యే ఖాళీగా ఉంటే

పవర్ బటన్ పాడైన ఫోనులో స్క్రీన్‌షాట్ తీయడానికి మూడు దారులున్నాయి.

పైనుంచి రెండుసార్లు లాగితే వచ్చే చిన్న బొమ్మల గడుల్లో చాలా ఫోన్లలో స్క్రీన్‌షాట్ గడి ఒకటి ఉంటుంది. కనిపించకపోతే అక్కడే పెన్సిల్ గుర్తు నొక్కి, కింద ఉన్నవాటిలోంచి దాన్ని పైకి లాక్కొచ్చి పెట్టుకోండి. దాన్ని నొక్కగానే పరదా మూసుకుని, వెనకున్న పేజీ బొమ్మ వస్తుంది.

రెండోది గూగుల్ అసిస్టెంట్. "హే గూగుల్, టేక్ ఎ స్క్రీన్‌షాట్" అంటే తీస్తుంది. చేతులు ఖాళీ లేనివాళ్లకి బాగుంటుంది, రద్దీలో మాత్రం మాట సరిగా వినపడదు.

మూడోది పెద్దవాళ్లకి పెట్టి ఇవ్వడానికి అన్నిటికన్నా మంచిది. సెట్టింగ్స్‌లో యాక్సెసిబిలిటీ, అందులో యాక్సెసిబిలిటీ మెనూ ఆన్ చేస్తే తెర మూలన ఒక చిన్న గుర్తు నిలిచిపోతుంది. దాన్ని నొక్కితే పెద్దపెద్ద బొమ్మలతో ఒక మెనూ వస్తుంది, అందులో స్క్రీన్‌షాట్ అన్నది తాకితే సరి. శామ్‌సంగ్‌లో దీన్నే అసిస్టెంట్ మెనూ అంటారు. వేళ్లు వణికే అమ్మమ్మగారికి రెండు బటన్లు ఒకేసారి నొక్కమని చెప్పడం కన్నా ఇది పెట్టి ఒకసారి చూపిస్తే చాలు.

ఐఫోన్‌లో ఇదే పని అసిస్టివ్ టచ్ చేస్తుంది: సెట్టింగ్స్, యాక్సెసిబిలిటీ, టచ్, అసిస్టివ్ టచ్. అక్కడే డబుల్ ట్యాప్ దగ్గర స్క్రీన్‌షాట్ ఎంచుకుంటే, తెరమీద తేలుతున్న గుండ్రటి బొమ్మని రెండుసార్లు తట్టగానే తీసేస్తుంది. ఐఫోన్ 8, ఆ తర్వాతి మోడళ్లలో, ఐఓఎస్ 14 నుంచి బ్యాక్ ట్యాప్ కూడా ఉంది. అదే టచ్ మెనూలో అడుగున కనిపిస్తుంది. ఫోను వీపుమీద రెండుసార్లో మూడుసార్లో తడితే స్క్రీన్‌షాట్ వస్తుంది. రెండుసార్లు పెట్టుకుంటే ఫోను బల్లమీద పెట్టినప్పుడల్లా అనవసరపు బొమ్మలు పడతాయి, మూడుసార్లే పెట్టుకోండి.

పొడవాటి పేజీ మొత్తం ఒకే బొమ్మగా

పరీక్ష టైంటేబుల్, మీభూమిలో అడంగల్, కరెంటు బిల్లు వివరాలు ఒక తెరలో పట్టవు. ముక్కలు ముక్కలుగా ఐదారు తీసి వాట్సాప్‌లో పంపితే అవతలివాళ్లకి ఏది ముందో ఏది వెనకో తెలియదు. దీనికే స్క్రోలింగ్ స్క్రీన్‌షాట్.

మామూలుగా ఒకటి తీయండి. కింద చిన్న బొమ్మతో పాటు కొన్ని క్షణాలు ఒక పట్టీ కనిపిస్తుంది. రెడ్‌మీలో స్క్రోల్ అని, శామ్‌సంగ్‌లో కిందికి చూస్తున్న రెండు బాణాల గుర్తుతో, ఆండ్రాయిడ్ 12, ఆ పైన ఉన్న పిక్సెల్ వంటి ఫోన్లలో క్యాప్చర్ మోర్ అని ఉంటుంది. దాన్ని నొక్కితే పేజీ కిందకి జరుగుతూ అతుక్కుంటూ పోతుంది, కావాల్సిన చోట ఆపేయండి. ఆ పట్టీ త్వరగా మాయమవుతుంది కాబట్టి బొమ్మ తీసేటప్పటికే వేలు సిద్ధంగా ఉంచుకోవాలి.

స్క్రోల్ గుర్తే రాకపోతే రెండు కారణాల్లో ఒకటి: ఆ పేజీకి కిందకి జరిగేంత పొడవు లేదు, లేదా ఆ యాప్ దీనికి ఒప్పుకోదు. పేజీ పైన కదలకుండా నిలిచే పట్టీ ఉంటే అది మధ్యమధ్యలో మళ్లీ మళ్లీ అతుక్కుని రావచ్చు. కదిలే ప్రకటనలున్న చోట అతుకులు తప్పుతాయి. నాలుగైదు తెరల పొడవు దాటనివ్వకండి. మరీ పొడవైన బొమ్మని వాట్సాప్ కుదించేస్తుంది, అక్షరాలు చదవడానికి వీలు కాదు.

అంతకన్నా పొడవుంటే స్క్రీన్‌షాట్ మానేసి పీడీఎఫ్ చేయండి. ఆండ్రాయిడ్ క్రోమ్‌లో మూడు చుక్కలు నొక్కి, షేర్, ప్రింట్, పైన ప్రింటర్ పేరు దగ్గర సేవ్ యాజ్ పీడీఎఫ్ ఎంచుకోవాలి. అక్షరాలు పదును తగ్గవు, ఎంత పెద్దవి చేసినా చదవొచ్చు, నెట్ సెంటర్లో ప్రింటు కూడా శుభ్రంగా వస్తుంది. ఐఫోన్ సఫారీలో స్క్రీన్‌షాట్ తీసి ఆ చిన్న బొమ్మని తాకి, పైన ఫుల్ పేజ్ అన్నది ఎంచుకుంటే పేజీ మొత్తాన్ని పీడీఎఫ్‌గా దాచుకోవచ్చు. పొలం కాగితాలకీ, సర్టిఫికెట్లకీ ఇదే దారి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025 జనవరి 30న మొదలుపెట్టిన మన మిత్ర వాట్సాప్ సేవ, 95523 00009, అందులో పత్రం పీడీఎఫ్‌గా వస్తే ఆ ఫైలునే దాచుకోండి. దాన్ని తెరిచి స్క్రీన్‌షాట్ తీసి దాచుకుంటే ఉన్న నాణ్యతని చేతులారా పోగొట్టుకున్నట్టు.

డబ్బు కట్టినదానికి తీసేటప్పుడు

ఇక్కడ నిదానంగా చదవండి, ఎందుకంటే నష్టం జరిగేది ఇక్కడే.

1. డబ్బు కట్టగానే వచ్చే టిక్ మార్కు పేజీతో ఆగకండి. యాప్‌లో హిస్టరీలోకి వెళ్లి ఆ లావాదేవీని తెరవండి.

2. అందులో 12 అంకెల నంబరు కోసం చూడండి. యాప్‌ను బట్టి దాన్ని యూటీఆర్ అనో, యూపీఐ రిఫరెన్స్ నంబర్ అనో, యూపీఐ ట్రాన్సాక్షన్ ఐడీ అనో రాస్తారు. యాప్ తన లెక్క కోసం ఇచ్చే పొడవాటి అక్షరాల నంబరు వేరే ఉంటుంది. బ్యాంకు వెతికేది ఈ 12 అంకెలతోనే.

3. ఒకే తెరలో ఇవన్నీ కనిపించేలా జరపండి: మొత్తం, తేదీ, సమయం, ఎవరికి వెళ్లింది, ఏ బ్యాంకు ఖాతా నుంచి, 12 అంకెల నంబరు. పట్టకపోతే రెండు తీయండి, రెండింటిలోనూ ఆ నంబరు ఉండాలి.

4. పెండింగ్ అని ఉంటే అప్పుడొకటి, అది ఫెయిల్డ్ అనో సక్సెస్ అనో మారాక ఇంకొకటి తీయండి. మొదటిది తీయకపోతే మధ్యలో ఏం జరిగిందో చూపించడానికి ఏమీ ఉండదు.

5. యాప్‌లోనే షేర్ రిసీట్ వంటిది ఉంటే దాన్ని వాడండి. అందులో వివరాలన్నీ ఒకేచోట వస్తాయి, మీ ఫోను పైపట్టీ, వేరే నోటిఫికేషన్లు పడవు.

ఇక దుకాణం నడిపేవాళ్లకి ఒక మాట. కొనేవాళ్లు చూపించే స్క్రీన్‌షాట్ చూసి సరుకు ఇవ్వకండి. పచ్చ టిక్ మార్కు బొమ్మని నకిలీగా తయారుచేయడం చాలా తేలిక, పాతదాన్ని మళ్లీ చూపించడం ఇంకా తేలిక. మీ యాప్‌లో పడిందా, మీ బ్యాంకు మెసేజ్ వచ్చిందా, మీ సౌండ్ బాక్స్ పలికిందా అన్నదే లెక్క. కొనడానికి వచ్చినవాళ్లు తొందరపెట్టినా, "సర్వర్ స్లో అండీ, చూడండి కట్ అయింది" అన్నా, పడేదాకా ఆగమని మర్యాదగా చెప్పండి.

తేదీ అనే చిన్న విషయం

ఫోను పైపట్టీలో గంట కనిపిస్తుంది, తేదీ చాలా ఫోన్లలో కనిపించదు. దీనివల్ల ఎంత గందరగోళమో మిర్చి ధరల స్క్రీన్‌షాట్లు చూస్తే తెలుస్తుంది. క్వింటాలు ధర ఫలానా అని ఒక బొమ్మ గ్రూపుల్లో తిరుగుతుంది. అది ఈరోజుదో, పది రోజుల కిందటిదో చెప్పే ఆధారం అందులో ఉండదు. దాన్ని నమ్మి బస్తాలు లారీకెత్తి యార్డుకి వెళితే కిరాయి మీద పడుతుంది. ధర పంపేవాళ్లు తేదీ ఉన్న వరసతో సహా తీయాలి. అందుకున్నవాళ్లు తేదీ లేకపోతే అడగాలి.

ఫైలు పేరులో మాత్రం తేదీ ఉంటుంది. చాలా ఆండ్రాయిడ్ ఫోన్లు స్క్రీన్‌షాట్ అనే మాట తర్వాత సంవత్సరం, నెల, రోజు, గంట, నిమిషం, సెకను వరసగా అంకెల్లో కలిపి పేరు పెడతాయి. వాట్సాప్‌లో ఫొటోగా పంపితే ఆ పేరు పోతుంది. డాక్యుమెంట్‌గా పంపితే పేరూ ఉంటుంది, నాణ్యతా ఉంటుంది: చాట్‌లో పేపర్ క్లిప్ గుర్తు, డాక్యుమెంట్, అక్కడినుంచి ఫైలు ఎంచుకోవాలి. చిన్న అక్షరాలున్నదేదైనా ఇలాగే పంపండి.

నల్లగా వచ్చేవి, అసలు ఒప్పుకోనివి

స్క్రీన్‌షాట్ తీస్తే నల్ల తెర వస్తే, లేదా భద్రతా కారణాల వల్ల కుదరదని రాస్తే, ఫోను పాడవలేదు. ఆ పేజీని తీయనివ్వొద్దని యాప్ తయారుచేసినవాళ్లే ఫోనుకి చెప్పి ఉంచారు. యూపీఐ పిన్ కొట్టే పేజీ, చాలా బ్యాంకు యాప్‌లు, నెట్‌ఫ్లిక్స్‌లో సినిమా నడిచే తెర, ఆండ్రాయిడ్ క్రోమ్‌లో ఇన్‌కాగ్నిటో ట్యాబ్, వాట్సాప్‌లో ఒక్కసారే చూడమని పంపిన ఫొటో, ఇవన్నీ ఆ కోవలోవే. వీటిని దాటించే యాప్‌లు అంటూ కనిపించేవాటి జోలికి వెళ్లకండి. మీ తెరమీద ఏముందో చూసే అనుమతి వాటికి ఇస్తే, పిన్ కూడా వాటికి చూపించినట్టే. బ్యాంకు వివరం కావాలంటే యాప్‌లో స్టేట్‌మెంట్ డౌన్‌లోడ్ ఉంటుంది, అది తీసుకోండి.

వాట్సాప్‌లో మామూలు చాట్ స్క్రీన్‌షాట్ తీస్తే అవతలివాళ్లకి తెలియదు. స్నాప్‌చాట్‌లో తెలుస్తుంది.

బొమ్మ బాగానే వచ్చినా చెల్లనివి కొన్నున్నాయి. విజయవాడ నుంచి గుంటూరుకి జనరల్ టికెట్టు ఫోనులో తీసుకుంటే, టీటీఈ అడిగినప్పుడు యాప్ తెరిచి అందులోనే టికెట్టు చూపించాలి. స్క్రీన్‌షాట్‌ని టికెట్టుగా ఒప్పుకోరు. బెంజి సర్కిల్ దగ్గర బండి ఆపితే లైసెన్సుకి కూడా అంతే: డిజిలాకర్‌లోనో ఎంపరివాహన్‌లోనో తెరిచి చూపించేదానికే అసలు కాగితంతో సమానమైన విలువ, దాని బొమ్మకి కాదు.

పంపే ముందు దాచాల్సినవి

స్క్రీన్‌షాట్‌లో మీరు చూపించాలనుకున్నది ఒకటుంటే, చూపించకూడనివి నాలుగుంటాయి. పైన జారి వచ్చిన ఓటీపీ మెసేజ్, ఖాతాలో మిగిలిన నిల్వ, ఆధార్ నంబరు, వేరేవాళ్ల ఫోన్ నంబరు. తీసే ముందు డు నాట్ డిస్టర్బ్ పెట్టుకుంటే మెసేజ్‌లు తెరమీదకి జారవు. శామ్‌సంగ్‌లో స్క్రీన్‌షాట్ సెట్టింగ్స్‌లో పైపట్టీ, కింద బటన్ల పట్టీ బొమ్మలో పడకుండా దాచే వీలుంది. రైలు ప్రయాణం మీద ఫిర్యాదు చేస్తూ పీఎన్ఆర్, ఫోన్ నంబరు ఉన్న టికెట్టు బొమ్మని అందరూ చూసే చోట పెట్టడం ప్రమాదం. రీఫండ్ ఇస్తామంటూ మోసగాళ్లు ఫోన్ చేసేది అలాంటివి చూసే.

నంబరు మీద గీత గీసి కొట్టేయడంలో చాలామంది చేసే తప్పు ఒకటుంది. హైలైటర్ లాంటి పెన్నుతో నల్లగా రుద్దుతారు. ఆ రంగు పైకి నల్లగా కనిపించినా పూర్తిగా మూసేది కాదు, వెలుతురు, కాంట్రాస్ట్ పెంచితే కింద అంకెలు బయటపడతాయి. మసక చేయడం కూడా అంకెలకి చాలదు. నిండు రంగు పెట్టె గీయండి, లేదా ఆ భాగాన్ని కత్తిరించేయండి. కత్తిరించడంలోనూ ఒకప్పుడు చిక్కు వచ్చింది. పిక్సెల్ ఫోన్లలో కత్తిరించిన స్క్రీన్‌షాట్ ఫైలులో కొట్టేసిన భాగం మిగిలి ఉంటోందని 2023లో బయటపడింది. ఆ ఏడాది మార్చి అప్‌డేట్‌తో సరిచేశారు, అంతకుముందు పంపిన ఫైళ్లని సరిచేయలేరు కదా.

వీటన్నిటికీ ఒకే తేలిక ఉపాయం: దాచాల్సినవి నిండు రంగుతో మూసేశాక, ఆ మూసిన బొమ్మని తెరమీద పెట్టి దాన్నే మళ్లీ స్క్రీన్‌షాట్ తీయండి. ఆ రెండోదే పంపండి. అందులో కింద పొరలంటూ ఏమీ ఉండవు. ఆధార్ అయితే ఇవేవీ అక్కర్లేదు, చివరి 4 అంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్‌ని డౌన్‌లోడ్ చేసుకుని అదే పంపండి.

తీశాక ఎక్కడ, ఎలా వెతకాలి

ఆండ్రాయిడ్‌లో గ్యాలరీలో స్క్రీన్‌షాట్స్ అనే ఆల్బమ్ ఉంటుంది. ఫైల్స్ యాప్‌లో చూస్తే పిక్చర్స్ కింద గానీ డీసీఐఎం కింద గానీ ఆ పేరుతో ఫోల్డరు కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఫొటోస్‌లో స్క్రీన్‌షాట్స్. గూగుల్ ఫొటోస్ వాడేవాళ్లు బ్యాకప్ సెట్టింగ్స్‌లో స్క్రీన్‌షాట్ల ఫోల్డరు ఆన్‌లో ఉందో లేదో చూసుకోండి, ఆఫ్‌లో ఉంటే ఫోనుతో పాటే అవీ పోతాయి. ఉచితంగా ఇచ్చే 15 జీబీలోనే ఇవీ పడతాయి కాబట్టి పనైపోయినవి నెలకోసారి తీసేయండి. స్క్రీన్‌షాట్‌లోని అక్షరాలు కావాలంటే గూగుల్ ఫొటోస్‌లో తెరిచి లెన్స్ నొక్కండి, తెలుగు అక్షరాలని కూడా కాపీ చేసుకోవచ్చు.

కదిలే విషయం చూపించాలంటే, ఉదాహరణకి ఊళ్లో ఉన్న నాన్నగారికి ఒక యాప్‌లో ఎక్కడ నొక్కాలో, వరస స్క్రీన్‌షాట్ల కన్నా స్క్రీన్ రికార్డింగ్ మంచిది. ఆండ్రాయిడ్ 11 నుంచి, ఐఓఎస్ 11 నుంచి ఫోనులోనే ఉంది, పైనుంచి లాగితే వచ్చే గడుల్లో దొరుకుతుంది.

మోసపోయినప్పుడు

ఎవరైనా డబ్బు కాజేస్తే ముందు చేయాల్సింది స్క్రీన్‌షాట్లు తీయడం కాదు, సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయడం. డబ్బు ఖాతాలు మారిపోకముందే ఆపడానికి ప్రతి నిమిషమూ విలువైనదే. ఆ కాల్‌లో చెప్పడానికి పైన చెప్పిన 12 అంకెల నంబరు దగ్గర పెట్టుకోండి.

ఆ తర్వాత తీరుబడిగా ఇవి సేకరించండి. చాట్ పైభాగంలో పేరు నొక్కి, అవతలివాళ్ల ఫోన్ నంబరు కనిపించే పేజీ ఒకటి. పేరు మీరు పెట్టుకున్నదే కనిపిస్తే ఎవరిదో రుజువు కాదు, నంబరు పడాలి. తర్వాత చాట్ మొదటినుంచి, ఒక బొమ్మ చివరి మెసేజ్ తర్వాతి బొమ్మలో మొదట కనిపించేలా, మధ్యలో ఏదీ వదలకుండా. ప్రతిదానిలోనూ మెసేజ్ పక్కన సమయం, మధ్యలో వచ్చే తేదీ పట్టీ కనిపించాలి. వీటితో పాటు వాట్సాప్‌లో మూడు చుక్కలు, మోర్, ఎక్స్‌పోర్ట్ చాట్ నొక్కి మొత్తం సంభాషణ ఫైలుగా కూడా దాచండి. వాళ్లు పంపిన లింకు ఉంటే దాన్ని తెరవకుండా, పూర్తి చిరునామా కనిపించేలా తీయండి.

ఈ బొమ్మల్లో దేన్నీ కత్తిరించకండి, గీతలు గీయకండి, అసలు చాట్ తుడిచేయకండి, ఆ నంబరుని బ్లాక్ చేసినా చాట్ మాత్రం ఉంచండి. 2024 జులై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ సాక్ష్య అధినియమం సెక్షన్ 63 ప్రకారం ఎలక్ట్రానిక్ రికార్డుని కోర్టులో పెట్టాలంటే దానితో సర్టిఫికెట్ జతచేయాలి. పోలీసులు ఫోనే అడగొచ్చు. అందుకని కేసు తేలేదాకా ఆ ఫోనుని ఫార్మాట్ కొట్టకండి, ఎక్స్చేంజ్‌లో ఇచ్చేయకండి. స్క్రీన్‌షాట్ల నకలు ఒకటి పెన్‌డ్రైవ్‌లోనో ఇంట్లో ఇంకొకరి ఫోనులోనో, డాక్యుమెంట్‌గా పంపి, పేర్లు మార్చకుండా ఉంచండి.